సివరెన్స్ సిరీస్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్: మార్క్ చేసింది కరెక్టేనా? (చూడనివాళ్ళు చదవొద్దు)

నల్గొండ నుంచి:
కోల్డ్ హార్బర్ (ఆ చివరి ఎపిసోడ్) చూశాక నిద్ర పట్టలేదు. చనిపోయిందనుకున్న భార్యను తలుపు దాకా తెచ్చి, ఆమె అవతల నుంచి తలుపు బాదుతూ ఏడుస్తుంటే మార్క్ ఆఫీసులో ప్రేమించిన హెల్లీ చెయ్యి పట్టుకొని వెనక్కి పరిగెత్తడమేంది అన్నా?

మిర్యాలగూడ నుంచి:
తమ్మీ, ఆపరేషన్‌తో మార్క్ జ్ఞాపకాలు ఆఫీసు లోపల ఒకటి, బయట ఒకటిగా చీల్చారు గదా, పరిగెత్తింది ఆఫీసులో మాత్రమే బతికే లోపలి మార్క్. ఆ తలుపు దాటితే మళ్ళీ కళ్ళు తెరుస్తాడన్న గ్యారంటీ లేదు. ఇద్దరు మార్క్‌లూ కెమెరాలో రికార్డు చేసుకుంటూ మాట్లాడుకున్నప్పుడు బయటి మార్క్ హెల్లీ పేరునే ‘హెలెనీ’ అని తప్పు పలికాడు గదా, అక్కడే నమ్మకం పోయింది. నేనైనా అదే చేసేవాణ్ణి.

పాలమూరు నుంచి:
ఆ మాట ఒప్పుకుంటా అన్నా, కానీ మార్క్ భార్య జెమా ఏం పాపం చేసింది? లూమన్ కంపెనీ వాళ్ళు ఆమెను ఒక్కో గదిలో ఒక్కో మనిషిని చేసి హింసించారు. మూడో సీజన్లో ముందు ఆమె కథే చెప్పాలి.

నల్గొండ నుంచి:
హెలెనీ సంగతి నేను పట్టించుకోలేదు, ఇయ్యాల మళ్ళీ చూస్తా.