ఇంత ఉక్కలో మొటిమల మొహానికి మళ్లీ క్రీమా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
నాకు 34. కాలేజీ రోజుల్లో ఒక్క మొటిమ లేదు, రెండో కాన్పయిన ఏడాదికి మొదలయ్యాయి. బుగ్గల మీద కాదు, గడ్డం కింద, దవడ వెంట. నెలసరికి వారం ముందు లోపలెక్కడో గట్టిగా గింజలా తగుల్తుంది, తర్వాత ఉబ్బుతుంది, పోతూ పోతూ రెండు నెలలు ఉండే నల్లమచ్చ పెట్టి పోతుంది. పైగా సున్నితం చర్మం, కొత్తదేం రాసినా మంట. బడికి శ్రీకూర్మం వైపు రోజూ స్కూటీ మీద వెళ్తాను. హెల్మెట్ పట్టీ సరిగ్గా అక్కడే రాసుకుంటుంది.

చర్మం డాక్టరు గారు అడాపలీన్ 0.1 శాతం జెల్ రాశారు, రాత్రి పూట. ఐదో రోజుకి ముక్కు పక్కన పొట్టు లేచింది, నీళ్లు తగిలినా భగ్గుమంది. మళ్లీ వెళ్తే "మాయిశ్చరైజరు రాయమన్నాను కదమ్మా, రాశారా?" అన్నారు. రాయలేదు. ఎందుకంటే ఇంట్లో మా అత్తగారు ఆ ట్యూబు చూసి, "నీ మొహం మీదున్న జిడ్డుతో దీపం పెట్టొచ్చు, దాని మీద మళ్లీ క్రీమా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.

ఆగస్టు నెల. పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ తడిగానే ఉంటుంది మన దగ్గర. ఈ ఉక్కలో మాయిశ్చరైజరు నిజంగా అవసరమా, లేక చలిదేశాల వాళ్ల అలవాటు మనకి అంటగడుతున్నారా? వాడి చూసినవాళ్లు చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం):
అక్కర్లేదు. నాకు 38, మొటిమలతో పదేళ్ల సావాసం. నాలుగేళ్ల కిందట నా అద్దం ముందు ఏడు సీసాలు ఉండేవి. ఫేస్‌వాష్, టోనరు, విటమిన్ సి, నియాసినమైడ్, సాలిసిలిక్ యాసిడ్, రెటినాల్, మాయిశ్చరైజరు. ఏది పడుతోందో ఏది పడట్లేదో తెలిసేది కాదు. ఒకరోజు విసుగొచ్చి అన్నీ పక్కన పడేశాను. పొద్దున ఉత్త నీళ్లు, రాత్రి సబ్బు కాని ఫేస్‌వాష్, అంతే. మూడు నెలల్లో ఎరుపు పోయింది, మొటిమలు సగం తగ్గాయి. తేమ గాల్లోనే ఉన్న ఊళ్లో తేమ కొనుక్కోవడమేంటండీ?

మందుల కొట్టు (విజయనగరం):
నేను ఫార్మసీ చదివి 11 ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెప్తున్నా.

గంటస్తంభం గారూ, మీకు నయమైంది మాయిశ్చరైజరు మానినందుకు కాదు, మిగతా ఆరూ మానినందుకు. సున్నితం చర్మం మీద ఆరు ఘాటు సీసాలు పోస్తే పైపొర చితికిపోతుంది. అవి ఆపగానే కోలుకుంది.

నాగావళి గారిది వేరే సంగతి. ఆవిడ మందు వాడుతున్నారు. జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డు గ్రంథుల్లోంచి వచ్చే నూనె, పైపొర పట్టి ఉంచాల్సింది నీరు. నూనె కారే మొహంలో కూడా నీరు నిలవకపోవచ్చు. అడాపలీన్ మొదటి కొన్ని వారాలు ఆ పైపొరని బాగా కదిలిస్తుంది. పొట్టు, మంట, బిగుతు అందుకే. కుండకి చిల్లు పడితే బయట వానొచ్చినా లోపల నీళ్లు నిలవవు కదా.

నా కొట్టుకొచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే ఓడిపోతారు. మంట తట్టుకోలేక పది రోజుల్లో మందు మానేస్తారు, "పనిచెయ్యలేదు" అంటారు. ఆ జెల్ ఫలితం కనబడ్డానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మధ్యలో కొందరికి ముందుకంటే ఎక్కువ మొటిమలు కూడా తేలతాయి. అన్నాళ్లు ఓర్చుకోవాలంటే మాయిశ్చరైజరు ఉండాలి.

గంటస్తంభం:
సరే, మందు వాడేవాళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ కొట్టులో మందు వాడనివాళ్లకీ అమ్ముతారుగా?

మందుల కొట్టు:
అడిగితే అమ్ముతాను. కొట్టు అద్దె నేనే కట్టాలి.

పాలకొండ పెద్దమ్మ:
ఓలమ్మ ఓలమ్మ, ఏటర్రా ఈ గొడవ. నాను సెప్తన్నాను, మనవరాలు టైపు సేస్తంది. నాకు 61. మా అమ్మ మాకు సున్నిపిండి తప్ప ఇంకోటి రాయనేదు. పెసలు, సెనగలు, బావంచాలు, కచ్చూరాలు, ఎండిన నారింజ తొక్క, నాలుగు పసుపు కొమ్ములు మరపట్టించి డబ్బాలో పోసీసుకునేవోళ్లం. ఒక్క మొటిమ ఎరగను. ఇప్పటి గుంటలకి రోజుకో సీసా, రోజుకో రోగం.

ఏడు రోడ్ల దగ్గర (శ్రీకాకుళం):
పెద్దమ్మా, మా ఇంట్లోనూ అదే డబ్బా. నాకు 29, మొటిమలు పోతాయని వారానికి నాలుగుసార్లు నలుగు పెట్టి రుద్దాను. వాచిన మొటిమ మీద పొడి పెట్టి రుద్దితే గరుకు కాగితంతో గీకినట్టే, అవి చిట్లి పక్కకి పాకాయి. పెళ్లి రోజు పొద్దున నూనె రాసి నలుగు పెట్టడం వేరు, రోజూ మొటిమల మొహం రుద్దడం వేరు.

మందుల కొట్టు:
పెద్దమ్మ గారి జాబితాలో బావంచాల దగ్గర ఆగాలి. ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలి ఎండలోకి వెళ్తే చర్మం ఎండకి మరీ ఎక్కువగా స్పందిస్తుంది, నల్లబడుతుంది, కొందరికి కాలినట్టు బొబ్బలొస్తాయి. అందుకే బొల్లి మచ్చలకి రంగు రప్పించడానికి వైద్యంలో వాడారు. మొటిమల మచ్చలు పోవాలనుకునేవాళ్లకి కావాల్సింది దీనికి ఉల్టా. పూర్వం నలుగు పెట్టుకుని నీళ్లతో కడిగేసుకునేవాళ్లు, నీడపట్టున ఉండేవాళ్లు. ఇప్పుడు దాన్నే పేకులా అరగంట ఆరబెట్టి స్కూటీ ఎక్కుతున్నారు.

గంటస్తంభం:
తమాషా ఏంటంటే, ఇప్పుడు పట్నాల్లో 'సున్నితం చర్మానికి రెటినాల్ బదులు' అని వందలు పోసి కొంటున్న బకుచియోల్ సీరం ఉందే, అదీ ఆ బావంచాల్లోంచి తీసిందే. పెద్దమ్మ డబ్బాలోది సీసాలోకి ఎక్కి వచ్చింది.

మందుల కొట్టు:
నిజమే. కాకపోతే అందులో సోరలెన్లు తీసేసి శుద్ధి చేసిన బకుచియోల్ ఉండాలి. గింజ నూరితే రెండూ కలిసే వస్తాయి.

పాలకొండ పెద్దమ్మ:
అయితే బావంచాలు తీసీసి పట్టిస్తాను. సున్నిపిండి మాత్రం మాన్ను.

ఏడు రోడ్ల దగ్గర:
నలుగుతో పని కాకపోయాక నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పక్కింటావిడ ఒక ట్యూబు ఇచ్చింది, "మా అమ్మాయికి మూడు రోజుల్లో తగ్గాయి" అని. నాకూ మూడు రోజుల్లో తగ్గాయి. మొహం నున్నగా, తెల్లగా వచ్చేసింది. అయిపోగానే మందుల షాపుకెళ్లి ఖాళీ ట్యూబు చూపిస్తే చీటీ అడక్కుండా ఇచ్చేశారు. అలా ఎనిమిది నెలలు. మానిన నాలుగో రోజుకి మొహం ఎర్రగా కాలిపోయినట్టు, ఒకే సైజు పొక్కులు వందల్లో. మళ్లీ రాస్తే తగ్గడం, మానితే రావడం. బుగ్గల మీద సన్నటి నూగు కూడా మొలిచింది. చివరికి డాక్టరు దగ్గరికెళ్తే అందులో ఉన్నది స్టెరాయిడ్ అన్నారు. ఆ ఎరుపు పూర్తిగా పోవడానికి ఏడాది పైనే పట్టింది.

అప్పుడు నా మొహం దేన్నీ ఓర్చుకునేది కాదు. ఆ ఏడాదీ నేను వాడినవి మూడే: సబ్బు కాని క్లెన్సరు, వాసన లేని మాయిశ్చరైజరు, గొడుగు. నాగావళి అక్కా, మాయిశ్చరైజరు అవసరమా అంటే నేను చెప్పగలిగింది ఇదే.

మందుల కొట్టు:
స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదు. 2018లో ప్రభుత్వం వీటిని షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) కిందికి గట్టిగా తెచ్చింది. అయినా అమ్మేవాళ్లున్నారు, మా వృత్తికి సిగ్గుచేటు. ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్ అని చిన్నక్షరాల్లో ఉంటే, ఎవరు చెప్పినా మొటిమలకి రాయకండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం డాక్టరు చెప్పిన తీరులో మానండి.

జిమ్ము కుర్రాడు (బొబ్బిలి):
నేను గంటస్తంభం అన్న పక్షం. మాయిశ్చరైజరు రాశాక నా నుదురంతా చిన్న చిన్న పొక్కులు. దురద కూడా. వీపు మీదా ఉన్నాయి. చెమటకాయలేమో అనుకుని పౌడరు కొట్టాను, పోలేదు.

మందుల కొట్టు:
అన్నీ ఒకే సైజా? దురద పెడుతున్నాయా? తలకి నూనె రాస్తావా?

జిమ్ము కుర్రాడు:
అన్నిటికీ అవును. అమ్మ రోజూ కొబ్బరి నూనె రాయకపోతే అన్నం పెట్టదు.

మందుల కొట్టు:
అయితే అసలు మొటిమలు కాకపోవచ్చు తమ్ముడూ. మలసీజియా అనే శిలీంధ్రం వెంట్రుక కుదుళ్లలో చేరితే ఇలాగే ఉంటుంది, ఉక్కకి, చెమట బనీనుకి అది పండగ. మొటిమ మామూలుగా దురద పెట్టదు. దీనికి యాంటీబయాటిక్ జెల్ రాస్తే ఇంకా పెరగొచ్చు, కీటోకోనజోల్ లాంటి శిలీంధ్రం మందులు పనిచేస్తాయి. ఒకసారి చూపించుకో. నూనె నుదుటికి దిగకుండా చూసుకో. వే ప్రోటీన్ తాగుతున్నావా? తాగితే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పు, కొందరికి దానివల్ల మొటిమలు ఎక్కువవుతాయి.

గంటస్తంభం:
నా పక్షాన ఉన్న ఒక్కణ్ణీ లాగేసుకున్నారు.

అయినా నా వాదన వదలను. మందు వాడని మనిషి, ఏసీ గదిలో కూర్చోని మనిషి, వానాకాలంలో, మొహం కడిగాక బిగుతు లేని మనిషి రాయకపోతే ఏమీ కాదు. కాదంటారా?

మందుల కొట్టు:
కాదనను. కడిగాక పావుగంటకి చర్మం లాగుతున్నట్టుంటే రాసుకోవాలి, లేకపోతే మానుకోవచ్చు. కానీ మీరు దాన్ని ఊరందరికీ చెప్పకండి. నాగావళి గారు మీ మాట విని మానేస్తే నష్టం ఆవిడది.

నాగావళి గట్టు:
నేను ఎవరి మాటా విని మానలేదు లెండి. నిన్నటి నుంచి మొదలుపెట్టాను. చిక్కటి క్రీము పక్కన పెట్టి గ్లిజరిన్ ఉన్న పల్చటి జెల్ తెచ్చుకున్నాను, వాసన లేనిది. ముందు అది, ఆరాక బఠాణీ గింజంత అడాపలీన్ మొహమంతటికీ, మళ్లీ పైన అది. సోమ, బుధ, శుక్రవారాలే. మొటిమ మీద చుక్కలా పెట్టకూడదట, నేను ఇన్నాళ్లూ అలాగే పెట్టాను.

ఏడు రోడ్ల దగ్గర:
అక్కా, దవడ వెంట, నెలసరి ముందు అంటున్నారు. నెలసరి క్రమం తప్పుతోందా? తప్పితే లేడీ డాక్టరుకి కూడా చూపించుకోండి, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉంటే పై పూతలొక్కటే సరిపోకపోవచ్చు. నాకు చెప్పినవాళ్లు లేరు అప్పట్లో.

మందుల కొట్టు:
ఇంకోటి. మళ్లీ గర్భం అనుకుంటుంటే అడాపలీన్ మానాలి, డాక్టరుకి ముందే చెప్పండి. అలాంటప్పుడు అజెలాయిక్ యాసిడ్ రాస్తారు, మచ్చలకీ మంచిదే, మొదట్లో కాస్త చురుక్కుమంటుంది. బెంజోయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు రాసుకుంటే మాత్రం తెల్ల తువ్వాలు వాడండి, అది బట్టల రంగు తినేస్తుంది. మా ఆవిడ నీలం దిండు గలీబుల మీద ఇప్పటికీ నా బుగ్గ గుర్తుంది.

(రెండు నెలల తర్వాత)

నాగావళి గట్టు:
ఎలా ఉందో చెప్తాను. మూడో వారంలో ఒకేసారి తొమ్మిది మొటిమలు తేలాయి. ఆ రాత్రి ట్యూబు చెత్తబుట్టలో వేసి, పొద్దున్నే మళ్లీ తీసుకున్నాను. ఏడో వారం నుంచి లోపలి గింజలు రావడం తగ్గింది. పోయిన నెలసరికి రెండే. మచ్చలు ఉన్నాయి, కాస్త వెలిశాయి. పొట్టు లేదు. హెల్మెట్ పట్టీకి మెత్తటి నూలు గుడ్డ చుట్టి రోజూ ఉతుకుతున్నాను, దానివల్ల ఎంత తగ్గిందో జెల్ వల్ల ఎంత తగ్గిందో నాకు తెలీదు. అత్తగారు ఏమీ అనట్లేదు, ఆ జెల్ ఆవిడ మోచేతులకి కూడా వెళ్తోందని అనుమానం.

గంటస్తంభం:
సంతోషం. నేను ఇంకా ఉత్త నీళ్లే.

నాగావళి గట్టు:
కానీ సన్‌స్క్రీన్‌తో పడలేకపోతున్నానండీ. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మీ ఊరే వచ్చాం. ఆ జనంలో, ఆ చెమటకి అది కరిగి కళ్లలోకి దిగింది, సిరిమాను కదిలే వేళకి నేను కళ్లు నులుముకుంటూ ఉన్నాను. జింక్ ఆక్సైడ్ ఉన్నది మార్చి చూశాను, మండలేదు గానీ ఫొటోల్లో పగటివేషగాళ్ల పక్కన నిలబడితే తేడా తెలీదు. నా రంగుకి తెల్లగా తేలనిది, చెమటకి కళ్లలోకి కారనిది ఏదైనా ఉందా?

మందుల కొట్టు:
చామనఛాయ రంగు కలిపిన జింక్ చూడండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది, మచ్చలు ముదరకుండా అది కూడా సాయపడుతుంది. కళ్ల చుట్టూ జింక్, మిగతా మొహానికి జెల్ రకం రాసుకునేవాళ్లూ ఉన్నారు. రెండు వేళ్ల పొడవునా పిండిన పూత మొహానికీ మెడకీ కావాలి, తక్కువ రాస్తే డబ్బా మీద 50 అని ఉన్నా లాభం లేదు.

పాలకొండ పెద్దమ్మ:
గొడుగేసుకోవే తల్లీ.

నాగావళి గట్టు:
స్కూటీ మీదా పెద్దమ్మా?