బందీల కోసం బేరమాడాలా? అగ్రరాజ్యాల పోట్లాటలో మనోళ్ల గతేంటి?

శీను_చిక్కడపల్లి: 2024 ఆగస్టు 1న అంకారాలో రష్యా, వెస్ట్ దేశాలు కలిపి 24 మందిని మార్చుకున్నాయి గుర్తుందా. అటు నుంచి జర్నలిస్ట్ గెర్ష్‌కోవిచ్, ఇటు నుంచి క్రాసికోవ్, అంటే బెర్లిన్ పార్కులో పట్టపగలు మనిషిని కాల్చి చంపి జర్మనీలో యావజ్జీవం పడినోడు. పుతిన్ ఎయిర్‌పోర్టుకెళ్లి మరీ కౌగిలించుకున్నాడు. రాతలు రాసుకునేవాడికి హంతకుడు, ఇదీ రేటు. ఇది మామూలైపోతే రేపు ఎక్కడో చదువుకునే మన పిల్లల సంగతేంటి? ఇండియా బేరమాడాలా, ససేమిరా అనాలా?

రమణమూర్తి_అల్వాల్: ససేమిరా అనాలి, ఇందులో చర్చేముంది. 1999 డిసెంబర్ చాలదా మనకి? మన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ పట్టుకెళ్తే జైల్లో ఉన్న టెర్రరిస్టుల్లో మసూద్ అజర్‌తో కలిపి ముగ్గుర్ని వదిలాం, సాక్షాత్తూ విదేశాంగ మంత్రే వెళ్లారు. అజర్ బయటపడ్డ కొద్ది నెలల్లోనే జైష్ అనే టెర్రరిస్టు సంస్థ పెట్టాడు, 2019లో పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయారు. అసలు 1989లో హోంమంత్రి కూతురు రుబయా సయీద్‌ని ఎత్తుకెళ్తే ఆమె కోసం ఐదుగుర్ని వదిలిన రోజే వాళ్లకి తెలిసిపోయింది, గట్టిగా పట్టుకుంటే ఢిల్లీ దిగొస్తుందని.

ఇరానీచాయ్: సార్ వాళ్లు టెర్రరిస్టులు, శీను అడిగింది దేశాల గురించి

రమణమూర్తి_అల్వాల్: తేడా ఏముంది, వాడు తుపాకీ చూపిస్తాడు వీడు జడ్జిని చూపిస్తాడు.

జగిత్యాల_లత: తేడా ఉంది సార్. హైజాకర్‌తోని రేపు మనకు పని ఉండదు, దేశంతోని ఉంటది. ఖతర్‌ల మన మాజీ నేవీ వాళ్లను ఎనిమిది మందిని 2022 ఆగస్టుల పట్టుకున్నరు, 2023 అక్టోబర్‌ల ఉరిశిక్ష వేసిన్రు, డిసెంబర్‌ల ఉరిశిక్ష రద్దు చేసి జైలుశిక్ష చేసిన్రు, 2024 ఫిబ్రవరి 12 నాడు వదిలిన్రని మనోళ్లు ప్రకటించిన్రు. మరి ఫిబ్రవరి 6 నాడు ఏమైంది? గోవాల మన దేశపు పెట్రోనెట్ కంపెనీ ఖతర్ గ్యాస్ కోసం 2048 దాకా ఏడాదికి 75 లక్షల టన్నుల లెక్కన సంతకం పెట్టింది. నడుమ ఆరు రోజులే. నేను తప్పంటలేను, గట్లనే చెయ్యాలె అంటున్న.

రమణమూర్తి_అల్వాల్: ఈ గ్యాస్ కథ వాట్సాప్ యూనివర్సిటీ సరుకు. పాత కాంట్రాక్టు 2028తో అయిపోతుంది, పొడిగింపు గురించి ముందునుంచే మాట్లాడుకుంటారు కదా. పైగా పాత రేటు కంటే తక్కువకే కుదిరింది. లొంగిపోయి సంతకం పెట్టేవాడికి ఎవడైనా డిస్కౌంట్ ఇస్తాడా? జవాబు చెప్పండి.

శీను_చిక్కడపల్లి: బేరం జరిగిందని ఎవరూ ఒప్పుకోరు సార్, కిటుకే అది. 2018 డిసెంబర్ 1న అమెరికా అడిగిందని కెనడా వాళ్లు వాంకూవర్‌లో చైనా కంపెనీ హువావే ఫౌండర్ కూతురు మెంగ్‌ని అరెస్ట్ చేశారు, తొమ్మిది రోజుల్లో చైనాలో మైఖేల్ అనే పేరున్న ఇద్దరు కెనడా వాళ్లు లోపలికెళ్లారు. చైనా వాళ్లు దీనికీ దానికీ సంబంధం లేదు అన్నారు. 2021 సెప్టెంబర్ 24న ఆమె ఫ్లైట్ ఎక్కింది, అదే రోజు వాళ్లిద్దరూ ఎక్కారు. చైనాని ఒక్కదాన్నే అనడానికీ లేదులెండి, ట్రేడ్ డీల్‌కి పనికొస్తుందంటే మెంగ్ కేసులో తానే కలగజేసుకుంటానని ట్రంప్ బాహాటంగా అన్నాడు. కొట్టుకునేది అమెరికా, చైనా, జైల్లో కూర్చుంది మాత్రం కెనడా వాళ్లు.

టోలిచౌకి_కరీం: మెంగ్ కెనడాలో సొంత బంగ్లాలో కాలికి ట్రాకర్ పెట్టుకుని ఉంది భాయ్. చైనాలో ఆ మైఖేల్స్ గదిలో రాత్రి కూడా లైట్ ఆర్పేవాళ్లు కాదంట.

రమణమూర్తి_అల్వాల్: అవన్నీ సరే. గ్యాస్ రేటు సంగతి?

పాతకాపు: మన గడ్డ మీదే జరిగింది మర్చిపోయారా. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ వాళ్లు ఐఏఎస్‌లని పట్టుకుంటే ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లని వదిలింది. ఆ పట్టుబడ్డవాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఉన్నారు. 2004లో హైదరాబాద్‌లో శాంతి చర్చలు జరిగాయంటే వెనక ఆయన కష్టం ఉంది. వదిలితే కొంప మునిగిందా?

రమణమూర్తి_అల్వాల్: మునగలేదా? 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ మన తెలుగాయన్ని ఎత్తుకెళ్లారు, 2012లో సుక్మా కలెక్టర్‌ని. ఒకసారి చేసిన అలవాటు. లత గారూ, గ్యాస్?

జగిత్యాల_లత: గ్యాస్ గ్యాస్ అని నా పానం తీస్తున్నరు. మా తమ్ముడు గల్ఫ్‌ల జైల్ల ఉన్నడు. కఫీల్, అంటే అక్కడ పనిల పెట్టుకున్న సేటు, పాస్‌పోర్ట్ గుంజుకొని జీతం ఇయ్యకపోతే ఇంకో దగ్గర పనికి పోయిండు, పారిపోయిండని కేసు పెట్టిండ్రు. మేము తిరగని ఆఫీసు లేదు. ఒక ఆఫీసుల మా అమ్మతోని వేలిముద్ర వేయించుకొని, కాయితం మీద స్టాంప్ కొట్టి ప్రాసెస్‌ల ఉంది అన్నరు, మళ్ల పోతే ఆ కాయితమే దొరకలే. వాని కోసం ఏ మంత్రి ఫోన్ చేసిండు చెప్పుండ్రి.

రమణమూర్తి_అల్వాల్: బాధగానే ఉందమ్మా, కానీ మీ తమ్ముడిది లేబర్ కేసు. బందీ అనరు దాన్ని. కలిపేయకండి.

జగిత్యాల_లత: టీవీల పేరొస్తేనే బందీయా? పాస్‌పోర్ట్ గుంజుకుంటే ఏమంటరు, అతిథి అంటరా? ఏసీ రూంల కూసొని బేరం వద్దు అనుడు అల్కగ ఉంటది, మీ ఇంట్లోడైతే తెలుస్తుండె.

ఇరానీచాయ్: అయిపాయె

రమణమూర్తి_అల్వాల్: మా ఇంట్లోడే. మా బాబాయి కొడుకు శ్రీనగర్ దగ్గర డ్యూటీలో ఉండగా జీపు కింద పేలి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు, కాందహార్ తర్వాత సంగతే ఇది. ఇప్పటికీ అల్వాల్‌లో మా మెట్లెక్కలేడని కింద పోర్షన్ ఖాళీ చేయించాం. ఆ విమానంలోవాళ్ల చుట్టాలు ప్రధాని ఇంటి ముందు కూర్చుంటే కెమెరాలన్నీ అక్కడే, న్యాయమే, వాళ్ల భయం వాళ్లది. మావాడి కోసం ఎవడు కూర్చున్నాడు? కెమెరా ముందున్నవాళ్లని ఇంటికి తెచ్చి, ఆ బిల్లు ఊరూపేరూ తెలియనివాళ్ల మీద వేస్తారు. అందుకే వద్దంటున్నాను.

జగిత్యాల_లత: నాకు తెల్వదు సార్ మీ తమ్మునికి గట్లైందని. కానీ మీరు చెప్పిందే నేను చెప్తున్న. ఊరూపేరూ లేనోడి లెక్కల మా తమ్ముడు కూడా ఉన్నడు. మీరేమో ఎవ్వరికీ వద్దంటరు, నేనేమో పెద్దోళ్లకు చేసినట్టే వానికీ చెయ్యాలె అంటున్న.

రమణమూర్తి_అల్వాల్: అందరికీ చేస్తామని చెప్తే పరాయి దేశంలో దిగే ప్రతి ఇండియన్ మెడలో రేటు బోర్డు కట్టి పంపినట్టే.

జగిత్యాల_లత: బోర్డు ఇప్పుడు కూడా ఉంది సార్. మావోని దాని మీద సున్నా ఉంది.

టోలిచౌకి_కరీం: అక్కా, మా మామూ అక్కడ ఖైదీల పేపర్ల పని చూస్తాడు, ఏ దేశమో ఏ జైలో ఇన్‌బాక్స్‌లో పెట్టు, ఇక్కడ పబ్లిక్‌గా రాయకు

రమణమూర్తి_అల్వాల్: పెట్టండి, మంచిదే. కేసు పేపర్లు ఏ భాషలో ఉన్నాయో కూడా చెప్పండి, అరబిక్ చదివేవాళ్లు మా కాలనీలో ఉన్నారు. గ్యాస్ ఒప్పందం మాత్రం బేరం కాదు, ఆ మాట మీదే ఉన్నాను.