వీల్‌చైర్‌లో ఉన్న అమ్మతో ప్రయాణం: ఇద్దరం కలిసి వెళ్లగల మరుగుదొడ్డిని ముందుగా కనుక్కోవడం ఎలా?

ప్రశ్న (ఖమ్మం నుండి)

అందరికీ నమస్కారం. పక్షవాతం వచ్చిన తరువాత మా అమ్మగారికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో లేవు. కమోడ్ మీదికి మారడానికి ఒకరు పట్టుకోవాలి, ఆ సాయం చేసేది కొడుకునైన నేనే. వైద్య పరీక్షల కోసం సూర్యాపేట మీదుగా కారులో హైదరాబాదు వస్తుంటాం. స్త్రీల వైపు నేను వెళ్లలేను, పురుషుల వైపు ఆమెను తీసుకెళ్లలేను. ఈ భయంతో ఆమె ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తున్నారు. మేమిద్దరం కలిసి వెళ్లగలిగే, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఎక్కడ ఉందో బయలుదేరే ముందే తెలుసుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం (హైదరాబాదు నుండి, వీల్‌చైర్ వాడేవారు)

మీకు కావలసినది స్త్రీల విభాగంలోనో పురుషుల విభాగంలోనో ఒక మూలన ఉండే గది కాదు, నడవా నుంచి నేరుగా తలుపు ఉన్న గది. విమానాశ్రయం, పెద్ద షాపింగ్ మాల్స్, కొత్తగా కట్టిన ఆసుపత్రులలో అది దొరికే అవకాశం ఎక్కువ. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు వివరాలు తెరిస్తే, వీల్‌చైర్‌కు అనువైన టాయిలెట్ ఉందో లేదో కొన్నింటికి రాసి ఉంటుంది. అయినా దానినొక్కదానినే నమ్ముకుని బయలుదేరవద్దు.

ఫోన్ చేసి "దివ్యాంగుల టాయిలెట్ ఉందా" అని అడిగితే ఎక్కువమంది ఉందనే అంటారు. అందుకే తలుపు ఎటువైపు నుంచి ఉంది, గడప దగ్గర మెట్టు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లోపల చీపుళ్లు, బకెట్లు పెట్టారా అని విడివిడిగా అడగండి. వీలైతే వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. మీ కుర్చీ వెడల్పును చేతితో తిప్పే చక్రాల అంచుల దాకా కొలిచి పెట్టుకోండి. తలుపు లోపలికి తెరుచుకునే చిన్న గది అయితే, కుర్చీ లోపలికి వెళ్లాక తలుపు మూయడం కుదరదు.

హైవే మీద పెట్రోలు బంకులలో మరుగుదొడ్డి ఉన్నా, చాలాచోట్ల మెట్టు ఎక్కాలి, నేల మీద కూర్చునే దొడ్డే ఉంటుంది. విశాలమైన పార్కింగ్ ఉన్న పెద్ద హోటళ్లకే ముందుగా ఫోన్ చేయడం మంచిది.

సమాధానం (ఫిజియోథెరపిస్టు, విజయవాడ)

ముందుగా ఆ నీళ్లు మానేయడం ఆపించండి. నీళ్లు తగ్గితే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. గుండె, మూత్రపిండాల సమస్యల వల్ల వైద్యులు నీటికి పరిమితి పెట్టి ఉంటే తప్ప, ఉదయం నుంచి కొద్దికొద్దిగా తాగిస్తూ, అవసరం కలిగే దాకా చూడకుండా రెండు మూడు గంటలకొకసారి కారు ఆపండి.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఒక పక్క బలహీనంగా ఉన్నవారిని బలమున్న పక్కకే మార్చడం సులువు. అమ్మగారికి కుడి పక్క బలం ఉంది కనుక కమోడ్ ఆమె కుడి చేతి వైపు వచ్చేలా కుర్చీని నిలపాలి. కమోడ్‌కు ఒక పక్కనే ఖాళీ ఉండే గదులలో ఇది కుదరకపోవచ్చు కాబట్టి, ఫొటో అడిగినప్పుడు పట్టుకునే కడ్డీ ఏ పక్కన ఉందో, ఖాళీ ఏ పక్కన ఉందో కూడా చూడండి. కారులో స్త్రీలు వాడే యూరిన్ పాట్, పరదాకు ఒక దుప్పటి, ఒక డైపరు ఉంచుకోండి. అవి అత్యవసరానికి మాత్రమే.

సమాధానం (న్యాయవాది, వరంగల్)

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రజలు వాడే భవనాలు ప్రైవేటువైనా అందరికీ అందుబాటులో ఉండాలి. ఆసుపత్రులూ అందులోకే వస్తాయి. బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలలో మరుగుదొడ్ల గురించి 41వ సెక్షన్ విడిగా చెబుతుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ అందుబాటుకు సంబంధించిన ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను కేంద్రం రూపొందించాలని ఆదేశించింది.

తాళం వేసిన గది, సామాన్ల గదిగా మార్చిన గది కనిపిస్తే ఫొటో తీసి ఇలాంటి ఇబ్బందులపై ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సుగమ్య భారత్ యాప్‌లో ఫిర్యాదు చేయండి, ప్రతిని రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు పంపండి. మీరు తరచూ వెళ్లే ఆసుపత్రికి మాత్రం ఇలాంటి మరుగుదొడ్డి కావాలని ముందుగా ఒక లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రికి లేఖ రేపే రాస్తాను. సూర్యాపేట, హైదరాబాదు మధ్య హోటళ్లకు ఈ ప్రశ్నలతోనే ఫోన్ చేసి, తలుపు వెడల్పు, ఖాళీ ఏ పక్కన ఉందో సహా తెలిసిన వివరాలన్నీ ఇక్కడే రాస్తాను. ఆ దారిలో వెళ్లేవారు తమకు తెలిసినవి కలపండి.