‘ఆలు లేదు చూలు లేదు’: ఫుట్‌బాల్ అంచనాలకు ఈ సామెత అతుకుతుందా?

డాలస్ నుంచి ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) ఫుట్‌బాల్ జట్టు వచ్చే సీజన్‌లో ఎలా ఆడబోతుందో వివరిస్తూ ఇక్కడి తెలుగు అభిమానులకి ఒక వ్యాసం తయారవుతోంది. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు. పేచీ అంతా శీర్షిక దగ్గరే వచ్చింది. జూలైలోనే ‘తొమ్మిది గెలుస్తాం, పది గెలుస్తాం’ అని లెక్కలు కట్టేవాళ్లను ఉద్దేశించి ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని పెడదామని కొందరంటున్నారు. ‘పెరుగుట విరుగుట కొరకే’, ‘తంతే బూరెల గంపలో పడ్డట్టు’ కూడా అనుకుంటున్నాం. ఏది ఎక్కడ సరిపోతుందో చెప్పగలరు.

విజయవాడ నుంచి:
ఆలు అంటే భార్య, చూలు అంటే గర్భం. ఈ సామెత బలమంతా వరుసలో ఉంది. పెళ్లి, కడుపు, పేరు అనే మూడు మెట్లలో మొదటి రెండూ ఎక్కకుండా మూడో దాని మీద నిలబడ్డవాణ్ణి అనే మాట ఇది. అంటే అంచనా వేయడమే తప్పని ఇందులో లేదు, ఆధారం లేని అంచనానే తప్పుపడుతోంది. ఆరో నెల నడుస్తున్న ఇంట్లో పేర్లు వెతుక్కుంటుంటే ఈ సామెత ఎవరూ వేయరు కదా. కాబట్టి ముందు తేలాల్సింది, జూలైలో మీ జట్టు చేతిలో ఏముంటుందన్నది.

ఫోర్ట్‌వర్త్ నుంచి:
చాలానే ఉంటుందండీ, అందుకే ఆ శీర్షిక మీద అభ్యంతరం. జూలైకల్లా లెక్కపెట్టి చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పోయినేడు ఆడినవాళ్లలో ఎంతమంది మిగిలారన్నది. దాడికి 11, రక్షణకి 11, మొత్తం 22 మందిలో ఇంతమంది తిరిగొస్తున్నారని పత్రికలు రాస్తాయి. ఆ తలల లెక్కతో మోసపోతాం. గాయంతో సగం సీజన్ కూర్చున్నవాడూ అందులో ఒకటే, అన్ని మ్యాచ్‌లూ ఆడినవాడూ ఒకటే. ఆడిన స్నాప్‌లు, అంటే బంతిని వెనక్కి అందించి మొదలుపెట్టే ఒక్కో ఆట, లెక్కపెట్టాలి. అందులోనూ బంతి విసురుతూ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి, అతన్ని కాపాడుతూ ముందుండే అఫెన్సివ్ లైన్ ఐదుగురికి ఎక్కువ బరువివ్వాలి. లైన్‌లో కొత్తవాళ్లుంటే ఏమవుతుందంటే, ఎదుటి రక్షణలో ఇద్దరు దారులు మార్చుకుని అడ్డంగా దూసుకొస్తారు, దాన్ని స్టంట్ అంటారు. అప్పుడు లైన్‌లో పక్కపక్కనుండే గార్డు, టాకిల్ తమ మనుషుల్ని ఒకరికొకరు అప్పగించుకోవాలి. కలిసి ఆడిన జంట మాట్లాడుకోకుండానే ఆ పని చేసేస్తుంది. కొత్త జంటలో ఇద్దరూ ఒకడి వెంటే పోతారు, రెండోవాడు నేరుగా వెళ్లి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడతాడు. ఐదుగురూ విడివిడిగా ఎంత బలమైనవాళ్లయినా సరే, ఇది కలిసి ఆడితేనే వచ్చే విద్య.

రెండోది ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. ఇది 2018 అక్టోబరులో మొదలైంది. 2021 నుంచి ఒకసారి కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర లేకుండా పోయింది. 2024 నుంచి చదువు నిబంధనలు దాటితే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. అందుకే వచ్చినవాళ్ల జాబితా ఒక్కటే చూసి సంబరపడకూడదు. పోయినవాళ్లు ఏ స్థానంలో పోయారు, అదే స్థానంలోకి ఎవరొచ్చారు అని పక్కపక్కన రాసుకుని చూడాలి.

మూడోది, పోయినేటి దగ్గరి మ్యాచ్‌లు. ఎనిమిది పాయింట్లు, అంతకు తక్కువ తేడాతో ముగిసినవి. టచ్‌డౌన్‌కి (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటిస్తే) ఆరు, దాని తర్వాత ప్రయత్నానికి అత్యధికంగా రెండు, కలిపి ఎనిమిది, అంటే బంతి ఒక్కసారి చేతికొస్తే చెరిగిపోయే తేడా. ఇలాంటివన్నీ గెలిచిన జట్టుకి మరుసటేడు అదే పంట మళ్లీ రావడం కష్టం.

హైదరాబాద్ నుంచి:
అలాగైతే ‘పెరుగుట విరుగుట కొరకే’ దివ్యంగా సరిపోయింది. మీ జట్టే సాక్ష్యం. 2021లో 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు. 2022 సీజన్‌కి ముందు, జట్టు ఆడే కాలేజీల కూటమి బిగ్ 12లో ఎవరెక్కడ నిలుస్తారన్న ఓటింగ్‌లో ఏడో స్థానం. తీరా చూస్తే మామూలు సీజన్‌ని 12-0తో ముగించి జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ జార్జియా చేతిలో 65-7తో చితికిపోయింది. 2023లో మళ్లీ 5-7. పెరిగింది, విరిగింది.

విజయవాడ నుంచి:
కథ సరిపోయిందండీ, ‘కొరకే’ సరిపోలేదు. కొరకు అంటే ఉద్దేశం, ప్రయోజనం. పెరగడంలోనే విరగడం ఇమిడి ఉందని ఆ మాట భావం. మితిమీరిన గర్వం, అన్యాయార్జితం లాంటివాటికి బాగుంటుంది, అక్కడ పెరిగిన తీరులోనే పడే కారణం ఉంటుంది. ఆ జట్టు గెలిచిన తీరులో అలాంటిదేమైనా ఉందా?

ఫోర్ట్‌వర్త్ నుంచి:
కొంత ఉంది, కొంత లేదు. 2022 మామూలు సీజన్‌లో దగ్గరి మ్యాచ్‌లు ఐదు: ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) మీద 42-34, కాన్సస్ మీద 38-31, ఓక్లహోమా స్టేట్ మీద 43-40, టెక్సస్ మీద 17-10, బేలర్ మీద 29-28. ఐదుకి ఐదూ గెలుపే. 2023లో కొలరాడోతో 42-45, వెస్ట్ వర్జీనియాతో 21-24, టెక్సస్ టెక్‌తో 28-35, టెక్సస్‌తో 26-29, నాలుగూ ఓటమే. ఇంతవరకూ త్రాసు తిరగబడిందనే అనాలి.

కానీ ఆ రెంటి మధ్య 2023 ఏప్రిల్ ఉంది. ఎనిమిది మంది ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే వృత్తి ఫుట్‌బాల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, ఎంపికై వెళ్లిపోయారు. క్వార్టర్‌బ్యాక్ మ్యాక్స్ డగ్గన్, విసిరిన బంతి పట్టే రిసీవర్ క్వెంటిన్ జాన్‌స్టన్, లైన్‌లో స్టీవ్ అవీలా, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ కెండ్రే మిల్లర్ వాళ్లలో ఉన్నారు. దాడి వ్యూహం నడిపిన గారెట్ రైలీ క్లెమ్సన్ యూనివర్సిటీకి వెళ్లాడు. విరగడానికి ఇన్ని కారణాలు విడిగా కనిపిస్తుంటే, పెరిగినందుకే విరిగిందంటే ఆ పిల్లల ఆటకి అన్యాయం చేసినట్టే.

లింకన్, నెబ్రాస్కా నుంచి:
సామెతని తిరగేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుందండీ. పెరిగినవాళ్లు విరిగితే, విరిగినవాళ్లు పెరగాలి కదా. 2021లో నెబ్రాస్కా 3-9. తొమ్మిది ఓటముల్లో ఒక్కటీ తొమ్మిది పాయింట్లు దాటలేదు. ఏడాది మొత్తానికి వేసిన పాయింట్లు 335, ఇచ్చినవి 272. వేసినవే 63 ఎక్కువ, అయినా తొమ్మిది ఓడింది. ‘అదృష్టం తిరిగితే చాలు, వచ్చే ఏడాది ఎనిమిది ఖాయం’ అని ఇక్కడ గట్టిగా నమ్మారు. 2022లో వచ్చినవి నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. మూడో మ్యాచ్‌లో జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడాక కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని తీసేశారు.

కారణం ఏమిటంటే, ఆ దగ్గరి ఓటములన్నీ దురదృష్టం కావు. మిషిగన్ స్టేట్‌తో గెలుస్తున్న మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌లో పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకి వదిలేయడం) తప్పు వైపు పడింది, దాన్ని వాళ్లు టచ్‌డౌన్ దాకా మోసుకెళ్లారు. అయోవాతో కూడా ముందంజలో ఉండగా వాళ్లు పంట్‌ని అడ్డుకుని టచ్‌డౌన్ చేశారు. అది స్పెషల్ టీమ్స్‌లో, అంటే తన్నే ఆటలకు దిగే బృందాల్లో, రోగం, దిద్దితే తప్ప పోదు. 63 పాయింట్ల మిగులు కూడా విడదీసి చూడాలి. ఫోర్డమ్, బఫలో, నార్త్‌వెస్టర్న్‌ల మీద మూడు గెలుపుల్లోనే 119 వచ్చాయి, మిగతా తొమ్మిదిటిలో 56 పోయాయి.

అదృష్టం అనదగ్గది ఫంబుల్, అంటే పట్టుకున్నవాడి చేతిలోంచి బంతి ఊడిపోవడం. బంతిని ఎదుటివాడి చేతిలోంచి ఊడగొట్టడం నేర్పే. ఊడిన బంతి ఎవరికి దొరుకుతుందన్నది ఇంచుమించు సగం సగం, ఎందుకంటే కోడిగుడ్డు ఆకారం, ఎటు లేస్తుందో చెప్పలేం. ఊడిన బంతుల్లో మూడొంతులు తమకే దొరికిన జట్టుంటే, ఆ లాభాన్ని వచ్చే ఏడాది లెక్కలోంచి తీసేయాలి.

హైదరాబాద్ నుంచి:
సరే, ఒప్పుకున్నాను. ఆ ఫంబుల్‌కీ, బేలర్ మీద ఆఖరి క్షణపు తన్నుకీ ‘తంతే బూరెల గంపలో పడ్డట్టు’ వాడొచ్చు కదా?

విజయవాడ నుంచి:
ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ సామెతలో లాభం తన్నినవాడిది కాదు, తన్ను తిన్నవాడిది. దెబ్బ తగిలింది, పడ్డాడు, పడ్డచోట బూరెలున్నాయి. (కొన్ని చోట్ల గారెల బుట్ట అంటారు, భావం అదే.) కీడుగా వచ్చింది మేలుగా తేలినప్పుడే వాడాలి. ఊరికే కలిసొచ్చినదానికి ‘అదృష్టం’ అంటే చాలు.

ఫోర్ట్‌వర్త్ నుంచి:
బేలర్ తన్ను అసలే అదృష్టం కాదండీ. టీసీయూ 26-28తో వెనకబడి ఉంది, టైమౌట్లు అయిపోయాయి, గడియారం నడుస్తోంది. దాడి జట్టు బయటికి, ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కోసం బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) జట్టు లోపలికి పరుగెత్తి, వరుసలో నిలబడి, సమయం ముగుస్తుండగా గ్రిఫిన్ కెల్ 40 గజాల నుంచి కొట్టాడు. ఆ పరుగు సాధనలో చేస్తూ వచ్చినదే.

మీరు చెప్పిన అర్థానికి సరిపోయేది వేరే ఉంది. 2022 మొదటి మ్యాచ్‌లో, కొలరాడో మీద, క్వార్టర్‌బ్యాక్‌గా దిగినవాడు చాండ్లర్ మోరిస్. అతను గాయపడ్డాడు. పక్కన కూర్చున్న డగ్గన్ లోపలికొచ్చి, ఏడాది చివర ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. జట్టుకి తగిలిన దెబ్బే జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లింది.

విజయవాడ నుంచి:
అచ్చంగా అదే. ఆ పేరా మీద పెట్టండి.

డాలస్ నుంచి:
చాలా సంతోషం. అయితే వచ్చే సీజన్ శీర్షికకి ఏది?

లింకన్, నెబ్రాస్కా నుంచి:
‘ఆలుంది, చూలు సంగతి ఆగస్టులో’ అనండి. జట్టు జాబితా ఆలు, శిక్షణ శిబిరంలో ఆ ఐదుగురి లైన్ కుదరడం చూలు. గెలుపుల అంకె కొడుకు పేరు, దాన్ని ఆఖర్న రాయండి. 12 మ్యాచ్‌లనూ గెలవాల్సినవి, ఓడే అవకాశం ఎక్కువున్నవి, చెప్పలేనివి అని మూడుగా విడదీయండి. చెప్పలేనివాటిని సగానికి సగం వేసుకోండి. బయటి ఊళ్లో ఆడేవాటిని ఒక మెట్టు కిందికి దించండి, ముందు వారం విరామమున్న ప్రత్యర్థి తగిలితే గుర్తు పెట్టండి. వచ్చిన అంకె ఆరుకి చేరితేనే సీజన్ తర్వాత ఆడే బౌల్ మ్యాచ్ గురించి రాయండి, ఎందుకంటే దానికి అర్హత ఆరు గెలుపులు.