పిలిస్తేనే పని: వేచి ఉన్న గంటలకు డబ్బు ఇవ్వాలా, వద్దా?

కొర్లగుంట బండి:
మన తిరుపతిలో టాక్సీ మాట్లాడుకుని కాణిపాకానికో శ్రీకాళహస్తికో వెళ్లే భక్తులు, తాము దర్శనం చేసుకుని వచ్చేంతవరకు బండి నిలిచి ఉన్నందుకు వెయిటింగ్ చార్జీ ఇస్తారు, దానిపైన డ్రైవరుకు బాటా కూడా ఇస్తారు. ఇది ఊరందరికీ తెలిసిన లెక్క. పార్సిళ్లు పంచే మాకు మాత్రం ఈ లెక్క ఎందుకు వర్తించదన్నది నా ప్రశ్న.

నేను రెండేళ్లుగా రేణిగుంట రోడ్డులోని ఒక కొరియర్ హబ్‌లో పార్ట్‌టైమ్‌గా, పిలిచిన రోజున మాత్రమే, సొంత బైకు మీద పని చేస్తున్నాను. మొన్న మంగళవారం తెల్లవారుజామున ఫోన్ చేసి రమ్మన్నారు. ఉదయం 6.15కు షట్టరు ముందున్నాను. చెన్నై నుంచి రావలసిన లోడు బండి 9.40కి వచ్చింది. సార్టింగ్ ముగిసి, రెగ్యులర్ కుర్రాళ్లు తమ సంచులు నింపుకున్నాక, 10.30కు నా చేతికి వచ్చినవి 19 పార్సిళ్లు, అవీ జీవకోన వైపు కొన్ని, కరకంబాడి రోడ్డు వైపు కొన్ని. నలుగురు క్యాష్ ఆన్ డెలివరీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. అందించిన పార్సిలుకే డబ్బు కనుక, 15 పార్సిళ్లకు 14 చొప్పున 210 రూపాయలు వచ్చాయి. పెట్రోలుకు 85 పోగా మిగిలింది 125. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర అయింది. సంచి కోసం వేచి ఉన్న ఆ నాలుగుంపావు గంటలు ఎవరి ఖాతాలోనివి?

హబ్ నడిపేవాడిని:
మీరు చెప్పిన హబ్ నాది కాదు గానీ, నేనూ అలాంటిదే ఒకటి ఫ్రాంచైజీకి తీసుకుని నడుపుతున్నాను కాబట్టి రెండో వైపు మాట కూడా వినండి. టాక్సీ వెయిటింగ్ చార్జీ ఇచ్చేది ఎక్కినవాడు. ఇక్కడ ఎవరు ఇస్తారు? పార్సిలు తెప్పించుకున్నవాడు ఇవ్వడు, పై కంపెనీ నాకూ అందించిన పార్సిలుకే కడుతుంది, బండి ఆలస్యమైనందుకు నాకు పైసా రాదు. గంటల లెక్కన ఇవ్వమంటే నేను చేసేది ఒక్కటే: పిలుపు మీద వచ్చే ఆరుగురినీ మాన్పించి, ఇద్దరిని నెల జీతానికి పెట్టుకుంటాను. పండుగ సేల్ రోజుల్లో ఇబ్బంది పడతాను, తప్పదు. మిగిలిన నలుగురి సంగతి మీరే ఆలోచించండి.

యూనివర్సిటీ కుర్రాడు:
నేను ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చదువుతూ రెండు హబ్‌ల జాబితాలో పేరు ఇచ్చుకున్నాను. ఒకచోట పిలుపు రాకపోతే మరొకచోటికి వెళ్తాను, పరీక్షలున్నప్పుడు రెండుచోట్లా రానని చెప్తాను. వేచి ఉన్నందుకు డబ్బు ఇచ్చేవాడు ఆ సమయం మీద హక్కు కూడా అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. రేపు పొద్దున 'డబ్బిస్తున్నాం కదా, రానంటే కుదరదు' అన్నారంటే, ఈ పనిలో నాకున్న ఒకే ఒక్క సుఖం పోతుంది. అన్నా, మీ కష్టం కాదనను, కానీ ఆ డబ్బు నాకు వద్దు.

పాత లాయరు, చిత్తూరు:
చట్టం ఎక్కడుందో ముందు చూద్దాం. వేతనాల కోడ్, 2019లో పదో సెక్షన్ ప్రకారం, యజమాని పని చూపించలేకపోయినందువల్ల ఉద్యోగి పూర్తి పనిదినం కన్నా తక్కువ పని చేసినా, ఆ రోజుకు పూర్తి వేతనానికి అతను అర్హుడు, తనకే పని చేయడం ఇష్టం లేకపోతే తప్ప. ఇది కొత్త మాటేమీ కాదు, 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ ఉన్నదే. అయితే ఇదంతా 'ఉద్యోగి'కి. సామాజిక భద్రతా కోడ్, 2020 గిగ్ వర్కరును సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పని చేసేవాడని నిర్వచించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఆ కోడ్ ప్రకారం అగ్రిగేటర్లు, అంటే యాప్ ద్వారా ఇలాంటి సేవలు నడిపే కంపెనీలు, తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి జమ చేయాలి. అది బీమా, వైద్యం వంటి వాటికి ఉపయోగపడుతుంది గానీ, షట్టరు ముందు నిలబడిన నాలుగు గంటలకు కూలి తెచ్చిపెట్టదు.

బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, ఊబర్ డ్రైవరు తన ప్రాంతంలో యాప్ తెరిచి, బేరం తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని తేల్చింది. ఆ తీర్పుకు ఇక్కడ కట్టుబడనవసరం లేదు, కానీ అందులోని తర్కం గమనించదగినది. ఇంట్లో ఫోన్ దగ్గర పెట్టుకుని ఉండడం వేరు, పిలిస్తే వెళ్లి హబ్ ముందు నిలబడడం వేరు. యూనివర్సిటీ తమ్ముడి భయం మొదటిదానికి చెల్లుతుంది. రెండోదానికి చెల్లదు, ఎందుకంటే పిలుపుకు ఒప్పుకుని వచ్చినవాడు ఆ పూట స్వేచ్ఛను అప్పటికే వదులుకున్నాడు.

అవిలాల నుంచి:
లాయరు గారు ఇంట్లో ఉండడాన్ని అంత తేలికగా పక్కన పెట్టారు. మా ఆయన కూడా ఈ పనికే వెళ్తారు. తెల్లవారుజామున అయిదు గంటల నుంచి ఎనిమిది దాకా ఫోన్ బాత్రూము గట్టు మీద ఉంటుంది. పాపను స్కూలు ఆటో దాకా దింపి రమ్మన్నా, ఇప్పుడే పిలుస్తారేమోనంటారు. రెండుసార్లు ఎత్తకపోతే మూడోరోజు పిలవరు. దీన్ని స్వేచ్ఛ అనడం నాకు చేతకాదు.

హబ్ నడిపేవాడిని:
అమ్మా, పిలిస్తే రానివాణ్ని మళ్లీ పిలవకపోవడం కక్ష కాదు, నాకు ఆ పూట సరుకు కదలాలి. కొర్లగుంట అన్నా, మీరు అసలు ఎంత అడుగుతున్నారో ఒక అంకె చెప్పండి. అంకె లేకుండా న్యాయం గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

కొర్లగుంట బండి:
చెప్తాను. ఇంట్లో ఉన్న సమయానికి నేను అడగడం లేదు. అవిలాల అక్క మాట నిజమే, కానీ దాన్ని కొలిచే దారి నాకు తోచలేదు. రమ్మన్న వేళకు వచ్చినవాడికి మొదటి గంట ఉచితం. ఆ తరువాత సంచి చేతికిచ్చేవరకు నిండిన ప్రతి గంటకు 60 రూపాయలు. లోడు లేదని తిప్పి పంపితే 150. దీని ప్రకారం మంగళవారానికి నాకు మూడు గంటలకు 180 వస్తుంది.

మీ హబ్‌లో ఆరుగురికి అలా ఇస్తే 1080 అవుతుందని మీరంటారు. నిజమే, అది మీరు భరించలేరు. అయితే ఆ 1080 మీ జేబులోంచి పోయే రోజున మీరు తెల్లవారుజామున మాకు ఫోన్ చేయరు, ముందు లోడు బండి డ్రైవరుకు చేస్తారు. బండి ఎక్కడుందో అతనికి తెలుసు. ఇప్పుడు మా సమయం ఊరికే వస్తోంది కాబట్టి, అడగవలసిన అవసరం ఎవరికీ కలగడం లేదు.

హబ్ నడిపేవాడిని:
గంటకు 60 నేను ఒప్పుకోను. ట్రాఫిక్‌కు, చెక్‌పోస్టుకు నేను జవాబుదారీ కాదు. తిప్పి పంపిన రోజున 150 ఇవ్వడం సబబే, అది ఇస్తాను. లోడు బండి డ్రైవరుకు ఫోన్ చేయడంలో కూడా నాకు ఖర్చేమీ లేదు. కానీ ఎక్కడికి వచ్చాక మిమ్మల్ని పిలవమంటారు?

కొర్లగుంట బండి:
పుత్తూరు దాటాక పిలవండి. అక్కడి నుంచి లోడు బండికి దాదాపు గంట పడుతుంది, మాకు కొర్లగుంట నుంచి ఇరవై నిమిషాలు చాలు. గంటకు 60 సంగతి మాత్రం నేను వదిలిపెట్టలేదు.