స్ఫటికీకరణా, స్ఫటికీభవనమా?

సూక్ష్మజీవులు అరిగించుకోగల పాలిఎస్టర్ ప్లాస్టిక్‌ల మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు దాని పొడవాటి అణుగొలుసులు మడతలు పడి, వరుసగా సర్దుకుని స్ఫటికాలవుతాయి. పుస్తకాల్లో దీన్ని స్ఫటికీకరణ అంటారు. ‘కరణ’ అంటే చేయడం కదా! ఇక్కడ ఎవరూ చేయడం లేదు, దానంతటదే అవుతోంది. ద్రవం ఘనం కావడాన్ని ఘనీభవనం అంటున్నప్పుడు ఇది స్ఫటికీభవనం ఎందుకు కాకూడదు?

— ఇంత సంస్కృతం ఎందుకండీ? గడ్డకట్టడం అంటే అందరికీ అర్థమవుతుంది.

— అర్థమవుతుంది గానీ తప్పు అర్థమవుతుందండీ. గట్టిపడటానికి స్ఫటికం అక్కర్లేదు. ఇలాంటి పాలిఎస్టర్లలో ఒకటైన పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం)నే చూడండి. సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గబగబా చల్లారిస్తే గొలుసులకు సర్దుకునే వ్యవధి ఉండదు. దాదాపు 60 డిగ్రీల కిందికి వచ్చేసరికి ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. వస్తువు గట్టిగా, గాజులా తేటగా ఉంటుంది, లోపల స్ఫటికం మాత్రం దాదాపు ఉండదు. దాన్నే మళ్ళీ 100 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి కాసేపు ఉంచితే, కరగకుండానే స్ఫటికాలు పుట్టి తెల్లగా మసకబారుతుంది. వేడెక్కుతుంటే గడ్డకట్టింది అని ఎలా రాయను?

— పేరుకోవడం? మైనం పేరుకుంది అంటాం.

— చక్కటి మాట. కానీ చిక్కు అదే, స్ఫటికం లేకపోయినా పేరుకుంటుంది.

— నేను ల్యాబ్ మనిషిని. మేం రోజూ ‘క్రిస్టలైజ్ అయింది’ అనేస్తాం. పోలరైజ్డ్ కాంతి మైక్రోస్కోప్‌లో మొదట అంతా నలుపే. ఎక్కడో ఒక చుక్క వెలుగుతుంది. గుండ్రంగా పెరుగుతుంది, మధ్యలో నల్లటి శిలువ ఆకారం కనిపిస్తుంది. పక్కదానికి తగిలేదాకా పెరిగి అక్కడ ఆగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. బాక్టీరియా తయారుచేసే పీహెచ్‌బీ అనే పాలిఎస్టర్‌లో ఇలాంటి చుక్కలు తక్కువ పుడతాయి, అందుకే ఒక్కో గోళం పెద్దదవుతుంది, ప్లాస్టిక్ పెళుసుగా తయారవుతుంది. అప్పుడు బోరాన్ నైట్రైడ్ పొడి కొద్దిగా కలిపి ఎక్కువ చోట్ల మొదలయ్యేలా చేస్తాం. అది మాత్రం మేం చేసేదే, ‘కరణ’ అనొచ్చు. మీకు రెండు మాటలూ కావాలి.

— ఇది నాకు తట్టలేదు, ధన్యవాదాలండీ. 

— తెలుగులో నురగ కడుతుంది, అట్ట కడుతుంది, తెట్టె కడుతుంది. స్ఫటికం కడుతుంది అంటే?

— బాగుంది! ‘కట్టించు’ కూడా వెంటనే వస్తుంది. ఆ తేడా ఇక్కడ నిజంగా అవసరం. ఎందుకంటే నీరు, ఎంజైములు ముందుగా కొరికేది స్ఫటికం కట్టని భాగాన్నే, ఎంత కట్టిందో దాన్ని బట్టి వస్తువు అరిగే వేగం మారుతుంది. వ్యాసంలో ఇలా మార్చాను: ‘నెమ్మదిగా చల్లారితే ఎక్కువ స్ఫటికం కడుతుంది. తొందరగా కావాలంటే పొడి కలిపి కట్టిస్తారు.’