స్టార్టిల్ రిఫ్లెక్స్‌ని ‘భయ ప్రతిచర్య’ అనవచ్చా?

ప్రశ్న: సైకాలజీ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. స్టార్టిల్ రిఫ్లెక్స్‌కి (హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఒళ్లు దానంతటదే అదిరిపడటానికి) ‘భయ ప్రతిచర్య’ సరిపోతుందా? ‘జడుపు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: రెండూ వద్దండీ, ‘ఉలికిపాటు’ అని రాయండి. చంటిబిడ్డ పక్కన గిన్నె జారిపడితే వాడు చేతులు రెండూ బారజాపి మళ్లీ దగ్గరికి లాక్కుంటాడు. ఇంట్లోవాళ్లు ‘ఉలిక్కిపడ్డాడు’ అంటారు. ఆ రాత్రంతా ఏడ్చి, ఒళ్లు వెచ్చబడితే అప్పుడు ‘జడుసుకున్నాడు’ అంటారు.

మెదడులోనూ వీటి దారులు వేరు. పెద్ద చప్పుడు చెవిన పడగానే సంకేతం మెదడు కాండంలో, పాన్స్ అనే భాగం దిగువన ఉన్న కణాల గుంపుకి చేరి, అక్కడినుంచి నేరుగా ముఖాన్ని కదిలించే నరాలకీ, వెన్నుపాములోకీ వెళ్తుంది. మధ్యలో మజిలీలు చాలా తక్కువ. అందుకే దాదాపు 50 మిల్లీసెకన్లలోపే కనురెప్ప కదులుతుంది. భయం మెదడులోనే అమిగ్డలా అనే మరో భాగం వ్యవహారం. లోపల భయం ఉంటే అది ఆ గుంపుని ఎగదోస్తుంది, ఉలికిపాటు పెద్దదవుతుంది. కరెంటు షాక్‌తో ముడిపెట్టిన సంకేతం ఇస్తే ఎలుకలు చప్పుడుకి మరింత ఎగిరిపడ్డాయని జడ్సన్ బ్రౌన్ బృందం 1951లోనే చూపించింది. ‘భయ ప్రతిచర్య’ అని రాస్తే ‘భయం భయ ప్రతిచర్యని పెంచింది’ అనాల్సి వస్తుంది, ఈ ప్రయోగాన్ని తెలుగులో చెప్పడమే కుదరదు!

మరొకరు: జడుసుకోవడాన్ని మా వైపు ‘దడుచుకోవడం’ అంటాం. ‘అదురూ బెదురూ’లోనూ ఈ తేడా ఉంది కదండీ. అదరడం ఆ క్షణానికే. ఎద్దు ఒకచోట బెదిరిందంటే మళ్లీ అటు వెళ్లడానికి మొరాయిస్తుంది.

ప్రశ్న: చాలా బాగుందండీ. మరి సెన్సరీ గేటింగ్, ప్రీపల్స్ ఇన్హిబిషన్?

జవాబు: గేటింగ్ అంటే అక్కర్లేని సంకేతాలను మెదడు వడకట్టడం కాబట్టి దానికి ‘ఇంద్రియ వడపోత’ చాలు. రెండోదాన్ని ఒక్క మాటలో కుదించకండి, విడమరిచి రాయండి. పెద్ద చప్పుడుకి సుమారు 100 మిల్లీసెకన్ల ముందు చిన్న చప్పుడు వినిపిస్తే ఉలికిపాటు తగ్గుతుంది. మధ్య మెదడులోని కొలిక్యులై అనే భాగాల నుంచి పెడంక్యులోపాంటైన్ కేంద్రకం అనే మరో కణాల గుంపు మీదుగా వచ్చే సంకేతం పాన్స్ కణాలను కాసేపు అణచి ఉంచుతుంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారిలో ఈ తగ్గుదల బలహీనంగా ఉందని 1978లో డేవిడ్ బ్రాఫ్ బృందం ప్రకటించింది. టపాకాయ వత్తి కాలడం చూసి చెవులు మూసుకోవడాన్ని మాత్రం ఉదాహరణగా ఇవ్వకండి. అది తెలిసి సిద్ధపడటం, ఇది మన ప్రమేయం లేకుండా జరిగేది.